వేడెక్కితే ఆగే బండి

ప్రెస్సు మేడ మీది గది,
సోమవారం

ఒరేయ్ తమ్ముడూ,

నీ భార్య ఫోనులో చెప్పినదాంట్లో నా చెవులకు అందినవి మూడే ముక్కలు: చిన్నది, లారీ, చనిపోయింది. ఆ మూడింటికీ మధ్య ఏముందో తెలిసేలోపు నేను గోడ పట్టుకుని నిలబడ్డాను. కింద బైండింగు చేసే ఆవిడ పైకొచ్చి ఫోను అందుకుని, "మీ చెల్లెలు బతికే ఉందండీ, పోయింది వెనక సీట్లో ఎవరో పెద్దావిడట" అని నా మొహంలో మొహం పెట్టి అరిచింది. అప్పుడు కూచున్నాను. ఇద్దరిలో ఎవరో ఒకరు పోయారని తెలిశాక కూడా "అమ్మయ్య" అనుకున్న మనిషిని నేను. అది వేరే సంగతి.

ఇవాళ పేపరు చూశాను. "మహిళా డ్రైవరు నిర్లక్ష్యం, ఫ్లైఓవర్ నడిమధ్య కారు ఆపడంతో వృద్ధురాలి మృతి." మగవాడు గుద్దితే ప్రమాదం, ఆడది ఆగితే నిర్లక్ష్యం. వెనకనుంచి వచ్చి గుద్దిన లారీ ఊసు ఆఖరి పేరాలో ఉంది, పాపం దానికి బ్రేకు అందలేదట.

బండి తన కాలి కింద దానంతటదే చచ్చిపోయిందని చిన్నది అంటోందట. నువ్వు ఇంజెక్షన్ బళ్ల డాక్టరువి కదా. అలా చావడం సాధ్యమేనా? నాకూ, చిన్నదాని కేసు చూసే ప్లీడరమ్మకూ అర్థమయ్యే భాషలో రాయి. ఫోను చెయ్యకు. నా చెవులతో నేను పడలేను, నీ గొణుగుడుతో అసలే పడలేను.

అక్క

*

షెడ్డు వెనక గది,
గురువారం

అక్కా,

చిన్నది మా ఇంట్లోనే ఉంది. బెయిలు వచ్చింది. భుజం ఎముక విరిగితే కట్టు కట్టారు. తింటోందా అంటే, కంచం ముందు కూచుంటోంది.

నువ్వడిగినదానికి వస్తాను. ఇంజెక్షన్ బండిలో పెట్రోలు దానంతటది ఇంజన్లోకి పోదు. ట్యాంకు లోపల మునిగి ఒక కరెంటు పంపు ఉంటుంది. అది వెనకనుంచి గట్టిగా నెట్టాలి. ముందున్న ఇంజెక్టర్లు ఆ ఒత్తిడిని నమ్ముకుని, కంప్యూటరు చెప్పినప్పుడల్లా నోరు తెరిచి తుంపర చల్లుతాయి. ఒత్తిడి పడిపోయిందనుకో, నోరు తెరుచుకుంటుంది, ఏమీ రాదు. మీ సభల్లో మైకు ఉండి కరెంటు పోయినట్టు.

పంపు పాతబడితే దానికో తెగులు పడుతుంది. చల్లగా ఉన్నంతసేపూ కొత్తదానిలాగే నెడుతుంది. మిట్టమధ్యాహ్నం ట్రాఫిక్‌లో ఇరుక్కుని, ట్యాంకులో పెట్రోలు అడుగంటి, ఒళ్లు కాగిపోతే చేతులెత్తేస్తుంది. బండి కాసేపు దగ్గి ఆగిపోతుంది. నీడలో పెట్టి చల్లారనిస్తే ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది. చిన్నది చెప్పే లక్షణాలన్నీ ఇవే. కాబట్టి సాధ్యమే. నా మటుకు నాకు అనుమానం కూడా లేదు.

మరి ఇంట్లో డాక్టరుండి ఎందుకు చూడలేదంటావు. బండి ట్యాక్సీ కంపెనీది. బయటివాడు బానెట్ ఎత్తితే బండి వెనక్కి లాక్కుంటారు. వాళ్లు చూపించిన సర్వీసు సెంటరుకే పోవాలి. పోయింది, ఒకసారి కాదు. అక్కడ పొద్దున్నే రమ్మంటారు. రాత్రంతా చల్లారిన బండి. స్కానర్ తగిలిస్తారు, బండి కంప్యూటరు రాసుకునే తప్పు కోడ్ ఏదీ కనపడదు. కోడ్ లేకపోతే లోపం లేదు, అది అక్కడి పద్ధతి. పంపు వేడెక్కేదాకా ఎవరూ ఆగరు, బండికి ఇంత టైమని ముందే కట్టేసి ఉంటుంది. కౌంటరు దగ్గర కూచునేవాడు "మేడమ్, ముందు క్లచ్ వదలడం నేర్చుకోండి" అన్నాట్ట.

ఒక్క ఆశ ఉంది. చిన్న చిన్న దగ్గులను కంప్యూటరు పట్టించుకోదు. ఈసారి పూర్తిగా ఆగింది. చిన్నది స్టార్ట్ చేస్తూనే ఉంది, లారీ వచ్చేదాకా. ఇంజనుకు పెట్రోలు అందలేదని అది కోడ్ రాసుకునే ఉంటుంది. కానీ ఆ పాత రకం కంప్యూటరు జ్ఞాపకం బ్యాటరీ మీద బతుకుతుంది. బ్యాటరీ చచ్చిందా, అంతా తుడిచిపెట్టుకుపోతుంది. బండి పోలీసు యార్డులో ఎండకు పడి ఉంది. నన్ను గేటు దాటనివ్వలేదు.

ఆ పెద్దావిడ బండి ఎక్కగానే "నువ్వు నడుపుతుంటే ధైర్యంగా ఉందమ్మా" అందట. కంచం ముందు కూచున్నప్పుడల్లా చిన్నది ఆ మాటే చెబుతోంది.

తమ్ముడు

*

ప్రెస్సు మేడ మీది గది,
శనివారం

తమ్ముడూ,

కోడ్ లేకపోతే లోపం లేదు. ఈ ఒక్క వాక్యం మీద నా పత్రిక సంచిక మొత్తం నింపగలను, నింపుతున్నాను కూడా. దూదిమిల్లులో దగ్గి దగ్గి చచ్చేవాడి ఎక్స్‌రేలో మచ్చ లేకపోతే జబ్బు లేదు. మొగుడి చేతిలో తన్నులు తిన్నదాని ఒంటి మీద కమిలిన గుర్తు లేకపోతే తన్నులే లేవు. మనిషి నోటితో చెప్పింది చెల్లదు, మిషను ఒప్పుకుంటేనే బాధ. ఆ మిషను ఎవడి చేతిలో ఉందో, దాన్ని ఎప్పుడు తగిలించాలో, ఎంతసేపు ఉంచాలో నిర్ణయించేదెవడో మాత్రం అడక్కూడదు. చల్లారాక పరీక్ష చేసి ఆరోగ్యంగా ఉందని రాయడం ఒక్క బళ్ల విషయంలోనే అనుకుంటున్నావా?

సరే, నా ఉపన్యాసం నీకు అక్కర్లేదు. ప్లీడరమ్మ కోర్టు వెంటపడి అనుమతి తెచ్చింది. వచ్చే శుక్రవారం పొద్దున్న యార్డులో నువ్వు బండి చూడొచ్చు. ఎస్సై ఉంటాడు. సర్వీసు సెంటరు తరఫున వాళ్ల ఇంజనీరు కూడా ఉంటాడు. ఇంత త్వరగా ఎలా ఇచ్చారని అడగకు, ఆవిడ గుమాస్తాల గదిలో కూచుని లేవనంది.

నీకు గొడవ పడ్డం రాదు. అమ్మ తిట్టినా, టీచరు కొట్టినా నేలచూపులే. ఆ రోజు మాత్రం తల ఎత్తు. కోడ్ తెర మీదికి రాగానే ఎస్సైకి చూపించి సంతకం పెట్టించు. నువ్వు చెయ్యాల్సింది అంతే. మిగతాది నాకొదిలెయ్.

చిన్నదానికి చెప్పు, ఇది ఆమె ఒక్కదాని కేసు కాదు. డ్రైవర్లందరూ చూస్తున్నారు.

అక్క

*

షెడ్డు వెనక గది,
శుక్రవారం

అక్కా,

జరిగింది జరిగినట్టు రాస్తాను. మధ్యలో ఆపకుండా చదువు.

బ్యాటరీ బతికే ఉంది. హారన్ నొక్కితే మోగింది. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. స్టీరింగ్ కింద స్కానర్ తగిలించి, వైరు పొడుగ్గా లాగి, బానెట్ ఎత్తి, తెరని అందరికీ కనపడేలా బ్యాటరీ పక్కన పెట్టాను. నువ్వు చెప్పినట్టే. తాళం తిప్పాలిగా. ఇంజనీరు "నేను కూచుంటాలెండి, మీరు తెర చూసుకోండి" అని డ్రైవరు సీట్లో కూచున్నాడు. ఎస్సై నా పక్కన. ఒక కానిస్టేబుల్ బండి వెనక నిలబడి సిగరెట్ ముట్టించాడు.

తాళం ఆన్ చేస్తే ఇంజెక్షన్ బండిలో పంపు ఒక్క క్షణం తిరిగి లైన్లో పెట్రోలు నింపుతుంది. మామూలే. కానీ లారీ గుద్దుడుకి వెనక లైను ఎక్కడో పగిలింది. పెట్రోలు కిందికి చిమ్మింది. వాసన ముందు నా ముక్కుకే తగిలింది. "తాళం తియ్యండి" అన్నాను. "ఏమిటీ?" అన్నాడు ఇంజనీరు. తెర మీద అప్పుడే వచ్చింది: లోపాలు, రెండు. ఏ లోపాలో చూడాలంటే ఇంకో మీట నొక్కాలి.

నా చెయ్యి మీట మీదికి పోలేదు అక్కా. బ్యాటరీ మీదికి పోయింది. ట్యాక్సీలకు బ్యాటరీ వైరును పట్టి ఉంచే క్లాంపు చేత్తో తిప్పి తీసేది ఉంటుంది. ఒక్క తిప్పుకే ఊడొచ్చింది. ఆ తరవాత నా గొంతు నాకు వినపడింది, సిగరెట్ పారెయ్ అని అరుస్తోంది.

మా షెడ్డులో పనికి చేరినవాడికి మొదట నేర్పేది ఇది. పెట్రోలు వాసనొస్తే ముందు బ్యాటరీ, తరవాతే ఆలోచన. నాతో పాటు పనిచేసినవాడు ఒకడు ముందు ఆలోచించాడు. వాడి మొహం నువ్వు చూశావు.

ఇసక పోశారు. కానిస్టేబుల్ తన బూట్ల కిందికి పారిన తడి చూసుకుని బూట్లు విప్పేశాడు. చాలాసేపటికి క్లాంపు మళ్లీ తగిలించి స్కానర్ పెట్టాను. లోపాలు లేవు.

"సార్, ఇందాక రెండు అని వచ్చింది, చూశారుగా" అన్నాను ఎస్సైతో.

"నేను తెర చూళ్లేదయ్యా, కాళ్ల కింద పెట్రోలు చూశాను" అన్నాడు. అది నిజమే అయుండొచ్చు.

ఇంజనీరు వచ్చి నా భుజం తట్టాడు. "కరెక్టుగా చేశారండీ. భద్రత ముందు కదా. మా వాళ్లకి కూడా ఇదే చెబుతుంటాం." అక్కడే నిలబడి రిపోర్టు రాశాడు. పరిశీలనలో ఎలాంటి కోడ్ లేదు, బయటి మెకానిక్ సమక్షంలో. ఆ బయటి మెకానిక్‌ని నేనే.

చిన్నదానికి ఇంకా చెప్పలేదు. ఇంటికి పోవడానికి కాళ్లు రావడం లేదు.

తమ్ముడు

*

ప్రెస్సు మేడ మీది గది,
మంగళవారం

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడుసార్లూ నువ్వు అదే చేశావు.

అరవొచ్చు కదా. బండి దగ్గర్నుంచి ఆ కానిస్టేబుల్ని లాగొచ్చు కదా. నువ్వే వంగి తాళం తిప్పొచ్చు కదా. ఆ జ్ఞాపకం ఎంత సన్నటి దారం మీద వేలాడుతోందో నాకు పాఠం చెప్పింది నువ్వే కదా. ఊరంతటిలో ఆ సంగతి తెలిసిన ఒకే ఒక్క మనిషివి, నీ చేత్తో నువ్వే తెంపావు. నేను సిద్ధం చేసిన సంచిక ప్రెస్సులో ఉంది. ఆపించాను. ఆ ఇంజనీరు నీకు దణ్ణం పెట్టుకుంటూ ఇంటికి పోయుంటాడు.

వాళ్లు అబద్ధం కూడా ఆడక్కర్లేకుండా చేశావు. నాకు మండుతున్నది అక్కడ.

అక్క

*

షెడ్డు వెనక గది,
ఆదివారం

అక్కా,

తాళం కారు లోపల, ఇంజనీరు చేతి కింద ఉంది. నేను బానెట్ దగ్గర. చుట్టూ తిరిగి వెళ్లడానికి పట్టే టైమే మంట పట్టడానికి పట్టే టైమూను. నలిగిన వెనక భాగంలో ఏ వైరు ఎక్కడ రాసుకుంటోందో ఎవరికి తెలుసు. అంటుకునేది కాదేమో కూడా. అంటుకోలేదు కాబట్టి నేను ఏం ఆపానో చూపించలేను. నీ భాషలో చెప్పాలంటే దానికి కోడ్ లేదు.

ఆ కానిస్టేబుల్ మర్నాడు షెడ్డుకొచ్చాడు. తన బైకు చైను బిగించమన్నాడు, చైను బాగానే ఉంది.

పంపు సంగతి తేలాక రాద్దామని ఇన్ని వారాలు ఆగాను. దాన్ని విప్పి ప్రభుత్వ పరీక్షకు పంపారు. వేడి పెట్రోల్లో పెట్టి చూడండి బాబూ, చల్లగా చూస్తే బాగానే ఉంటుంది అని కాగితం పెట్టుకున్నాను. "పరీక్ష పద్ధతిలో అలా లేదు" అని జవాబొచ్చింది. చల్లగా చూశారు. బ్రహ్మాండంగా ఉందట.

ప్లీడరమ్మ ఇంటికొచ్చి కూచుంది. ఆవిడా అలిసిపోయింది. పోరాడి ఓడితే జైలు, తప్పు ఒప్పుకుంటే జుల్మానా, లైసెన్సు రద్దు, అంతటితో పోవచ్చు అంది. ఆవిడ వెళ్లాక చిన్నది నన్నడిగింది: "అన్నయ్యా, నిజంగా అదే ఆగిందా, నేనే కాలు తీశానా?"

"అదే ఆగింది" అన్నాను.

"నువ్వు నా అన్నయ్యవి కదా, అలాగే అంటావు" అంది.

ఇంకొక మాట. నీ సంచిక ప్రూఫు పంపావుగా, చదివాను. ఎనిమిది పేజీలు. పోయినావిడకు అందులో ఒక్క వాక్యం ఉంది, అందులోనూ ఆవిడ "ప్రయాణికురాలు". చిన్నదానికి ఆ ప్రూఫు చూపించలేదు.

తమ్ముడు

*

ప్రెస్సు మేడ మీది గది,
బుధవారం

తమ్ముడూ,

ఆ ఒక్క వాక్యం సంగతి నువ్వన్నది నిజం. కిందటి ఉత్తరంలో నేను రాసినదాన్ని చింపెయ్యి. నువ్వు ఆ క్లాంపు తియ్యకపోయుంటే నేను ఇవాళ నీ గురించి ఎవరి భుజం మీద పడి ఏడుస్తూ ఉండేదాన్నో.

కానీ చిన్నదాన్ని తప్పు ఒప్పుకోనివ్వకు. బతిమాలుతున్నాను, నాకు అలవాటు లేని పని. ఆమె ఒప్పుకున్న రోజున ఆ సర్వీసు సెంటరు చల్లారిన బళ్లన్నీ బాగున్నట్టే లెక్క. రేపు ఇంకో బండి ఆగితే "చూశారా, కిందటిసారి డ్రైవరే ఒప్పుకుంది" అంటారు. జైలంటే భయమా? నేను పోయొచ్చాను, చచ్చిపోలేదు. చేసినదానికి పోవడం వేరు, చెయ్యనిదాన్ని నోటితో చేశాననడం వేరు. రెండోది బయటికి కనపడని జైలు, దానికి విడుదల తేదీ ఉండదు.

వాయిదా ఎప్పుడో రాయి. నేనొస్తాను. కోర్టు వరండాలో ఆమె పక్కన నిలబడతాను. డ్రైవర్లను కూడా తెస్తాను.

అక్క

*

షెడ్డు వెనక గది,
శుక్రవారం

అక్కా,

ఈ ఉత్తరం నీకు చేరేసరికి అయిపోయి ఉంటుందని కాదు, అయిపోయింది. నిన్న.

తేదీ నీకు రాయలేదు. రాయొద్దంది చిన్నది. "అక్క వస్తే నేను అక్క కోసం నిలబడాలి. నాకు నా కోసమే నిలబడే ఓపిక లేదు" అంది.

జడ్జిగారు అడిగారు. "ఒప్పుకుంటున్నాను" అంది. సరిగా వినపడలేదు, గట్టిగా చెప్పమన్నారు. ఈసారి గట్టిగా చెప్పింది. పోయినావిడ కూతురు ఆ మూల బెంచీ మీద కూచుని ఉంది. చిన్నది ఆమెవైపు చూసింది. ఆమె చూళ్లేదు. బయటికొచ్చాక లైసెన్సు తీసి ప్లీడరమ్మకిచ్చింది, ఆవిడ లోపలిచ్చి రావడానికి.

తిరిగొచ్చేటప్పుడు బస్సెక్కాం. ఆటో వద్దంది.

నన్ను తిట్టాలనుంటే తిట్టు. ఆమెకు మాత్రం రాయకు, కొన్నాళ్లు.

తమ్ముడు

*

ప్రెస్సు మేడ మీది గది,
చలికాలం, ఏ వారమో చూసుకోలేదు

తమ్ముడూ,

ఇన్ని నెలలు రాయకపోవడం కోపం వల్ల అనుకునుంటావు. మొదట కోపమే. తరవాత ఏం రాయాలో తెలియకపోవడం. పత్రిక నడుస్తోంది. ఆ సంచిక వెయ్యలేదు. తప్పు ఒప్పుకున్న డ్రైవరు గురించి వేస్తే ఏం బాగుంటుందని డ్రైవర్ల సంఘం వాళ్లే అన్నారు. నేను వాదించలేదు. నేను వాదించలేదని వాళ్లు కంగారుపడి టీ తెచ్చిచ్చారు.

నీ భార్య కింద బైండింగు చేసే ఆవిడకు ఫోను చేసి చెప్పిందట. చిన్నది బట్టల కొట్లో మడతలు పెట్టే పనికి పోతోందనీ, రోడ్డు దాటాలంటే పావుగంట నిలబడుతుందనీ, ఎవరైనా అడిగితే "నేను కారాపి ఒకావిణ్ణి చంపాను" అని మామూలుగా చెబుతోందనీ. ఆ చివరి మాట ఆవిడ నాకు చెప్పడానికి జంకింది. చీటీ మీద రాసి చూపించింది.

నేను జీవితమంతా బయటివాళ్లకు రుజువు చెయ్యడానికే పోట్లాడాను. ఈ ఒక్కసారికి బయటివాళ్లు వద్దు. కోర్టు వద్దు, పేపరు వద్దు, నేనూ వద్దు. ఆమె ఒక్కదానికి రుజువు చెయ్యి. అలాంటి బండే, అదే తెగులున్నది ఒకటి ఎక్కడో ఉంటుంది కదా. ఆమెను పక్కన కూచోబెట్టుకుని ఎండలో తిప్పు. నడిపేవాడి కాలు కదలకుండానే బండి ఎలా చస్తుందో కళ్లారా చూడనీ. చూశాక కూడా తనదే తప్పంటే ఇంక నేనేమీ అనను.

అక్క

*

షెడ్డు వెనక గది,
ఎండలు మొదలయ్యాక, ఆదివారం

అక్కా,

నువ్వు చెప్పినట్టే చేశాను. అందుకే ఎండల దాకా ఆగాల్సొచ్చింది.

అలాంటి బండి దొరకడం కష్టం కాలేదు. పొడుగాయన అని ఒక ట్యాక్సీ డ్రైవరు, కంపెనీ వదిలించుకున్న బండిని సొంతంగా కొనుక్కున్నాడు. అదే రకం, అదే దగ్గు. పంపు మార్చే ముందు ఒక్కరోజు నాకివ్వమన్నాను. విషయం చెప్పాను. "నేనూ వస్తా, మీ చెల్లెల్ని చూస్తా" అని వెనక సీట్లో మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని కూచున్నాడు. చిన్నదాన్ని ఒప్పించడానికి వారం పట్టింది. ముందు సీట్లో కూచుంది, బెల్టును రెండు చేతులా పట్టుకుని.

పెట్రోలు లైనుకు ప్రెషర్ మీటరు బిగించి, అద్దం బయట ఆమె కళ్లెదురుగా టేపుతో అంటించాను. "ఆ సూదిని చూస్తూ ఉండు. నా కాలు కూడా చూడు. సూది పడిపోతుంది, నా కాలు కదలదు" అని చెప్పాను. తలూపింది. మధ్యాహ్నం దాకా తిప్పాను. పొడుగాయన జోకులేస్తూనే ఉన్నాడు. "ఏమ్మా, మీ అన్నయ్య బండి ఆపడానికి కూడా ఇంత కష్టపడతాడా?" అంటే ఒకసారి నవ్వింది కూడా. నిజంగా నవ్వింది అక్కా.

మార్కెట్ దాటాక దగ్గు మొదలైంది. సూది ఊగింది. ఊగి, జారింది. నా కాలు అలాగే నొక్కి ఉంది. ఇంజను చచ్చిపోయింది. నువ్వు కోరింది, నేను కోరింది, అచ్చం అలాగే, పుస్తకంలో రాసినట్టు. బండి దొర్లుకుంటూ పోయి రోడ్డు వార దాకా రాకుండానే ఆగింది. "చూశావా" అని పక్కకి తిరిగాను.

సీటు ఖాళీ. నేను తిరిగేలోపే ఆమె దిగి వెనక తలుపు తీసింది. పొడుగాయన చొక్కా పట్టుకుని లాగుతోంది. "దిగండి. ముందు మీరు దిగండి." ఆయన "ఏం కాలేదమ్మా" అంటున్నాడు. "దిగండి" అంటోంది. గట్టిగా కూడా కాదు. విరిగి అతికిన భుజంతో అంత మనిషిని బయటికి లాగింది. చెయ్యి పట్టుకుని ఫుట్‌పాత్ మీదికి తీసుకుపోయి గోడకి ఆనించి నిలబెట్టింది. ఇంకా వెనక్కి జరగమంది. గోడే ఉంది, జరగడానికి చోటు లేదు.

నేను ఒక్కణ్ణే బండి పక్కకి నెట్టాను. చల్లారాక స్టార్ట్ చేస్తే ఏమీ ఎరగనట్టు స్టార్టయింది. ఆమె ఎక్కలేదు, ఆయన్నీ ఎక్కనివ్వలేదు. ఆయన ఆమెతో పాటు నడిచాడు. ఇల్లు చాలా దూరం. నేను పక్కన నెమ్మదిగా నడుపుకుంటూ వచ్చాను, వెనక వాళ్లు హారన్లు కొడుతూ తిడుతూ ఉంటే.

ఇంటికొచ్చాక మంచినీళ్లిచ్చి అడిగాను. "సూది పడిపోవడం చూశావా అమ్మా? నా కాలు చూశావా?"

నీళ్లు తాగి గ్లాసు కింద పెట్టింది.

"ఆయన దిగాడుగా అన్నయ్యా" అంది.

తమ్ముడు